నిర్ధారక చరిత్రము: రెండు పండ్ల లెక్క మొదలు వాల్తేరు వఱకు

తొమ్మిది మాదీఫలములును ఏడు వెలగపండ్లును కొనగా 107 నాణెములైనవి. మఱల ఏడు మాదీఫలములును తొమ్మిది వెలగపండ్లును కొనగా 101 నాణెములైనవి. ఒక్కొక్క పండు వెల యెంత? ఈ లెక్క క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దమునాటిది. రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున మహావీరాచార్యుడను జైన పండితుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమున నిది కలదు. తరువాత పావులూరి మల్లన యా గ్రంథము ననుసరించి తెలుగు పద్యములలో గణితశాస్త్రమును వెలయించెను. తెలుగున శాస్త్రవిషయమును జెప్పిన ప్రాచీన గ్రంథములలో మల్లన గణిత మొకటి. జైనుని పుస్తకమని జైనుడు కాని మల్లన దానిని ద్రోసివేయలేదు. కన్నడ దేశపు కొలువున బుట్టినదని యుపేక్షింపనులేదు. ఈ సంగతి మన పండితులు తఱచుగా జెప్పుకొనరు. మూల గ్రంథమును 1912వ సంవత్సరమున రంగాచార్యులవారు ఇంగ్లీషు అనువాదముతో మదరాసు ప్రభుత్వ ముద్రాలయమున నచ్చువేయించిరి. అప్పటి నుండియే యిది లోకమునకు విరివిగా దెలిసినది.

లెక్కను సాధించుటకు ఆచార్యుడు చూపిన మార్గము సులభము. పెద్ద మొత్తమగు 107ను పెద్ద సంఖ్యయగు 9చే గుణించిన 963 వచ్చును. చిన్న మొత్తమగు 101ని చిన్న సంఖ్యయగు 7చే గుణించిన 707. రెంటికిని భేదము 256. దీనిని 9, 7 అను సంఖ్యల వర్గముల భేదముచే, అనగా 81లో 49 పోగా మిగిలిన 32చే భాగించిన 8 వచ్చును. మాదీఫలము వెల 8 నాణెములు. అట్లే 101ని 9చే గుణించి, 107ను 7చే గుణించి, భేదమగు 160ని 32చే భాగించిన 5 వచ్చును. వెలగపండు వెల 5 నాణెములు. రెండు మాఱులును భాగించినది 32 చేతనే. పండ్ల వెలలతో దీనికి బనిలేదు; కొన్న పండ్ల సంఖ్యలను బట్టియే యది నిర్ణయమైపోయినది. మొత్తములు మాఱినను 32 మాఱదు. సమీకరణముల సమూహమునకు ఏకైక సమాధానము కలదో లేదో నిర్ధారణ చేయు నిట్టి సంఖ్యనే నేడు నిర్ధారకమందురు.

ఇంతమాత్రముచేత నిర్ధారకమును మహావీరుడే కనిపెట్టెనని యెవ్వరైన సభలలో నుపన్యసించినచో నేను చప్పట్లు కొట్టజాలను. ఆచార్యుని సూత్రము రెండు సంఖ్యలు తారుమాఱుగా వచ్చు నొక విశేష సందర్భమునకు జెప్పబడినది. మూడు పండ్లు, నాలుగు పండ్లు వచ్చినప్పుడు ఆ భాజక మెట్లుండవలెనో యందు లేదు. అన్నియు మన పూర్వులకు దెలియుననుట ఒక జాడ్యము. మన పూర్వుల కేమియు దెలియదనుట మఱియొక జాడ్యము. మొదటిది మన వృద్ధులకును, రెండవది మన యువకులకును ఎక్కువగా బట్టినది. చీనాదేశమున మహావీరునికి బెక్కు శతాబ్దములకు బూర్వమే తొమ్మిది అధ్యాయముల గ్రంథమను పేర గణితపుస్తక మొకటి ప్రసిద్ధమై యుండెను. దానికి ల్యూ హుయి యనువాడు క్రీ. శ. 263లో వ్యాఖ్య వ్రాసెను. అందు సమీకరణముల యంకెలను బలక మీద లెక్కపుల్లలతో వరుసలుగా బేర్చి, ఒక వరుస నుండి మఱియొక వరుసను దీసివేయుచు ఫలితమును రాబట్టుట చూపబడినది. చీనావారు మహావీరుని యెఱుగరు. మహావీరుడు చీనావారి పుస్తకము చదివెననుటకును నిదర్శనము లేదు. ఆకలి యెక్కడ నున్న నక్కడ పొయ్యి రాజినట్లే, లెక్క యెక్కడ నవసరమైన నక్కడ గణితము పుట్టినది.

ఎన్ని సమీకరణములున్నను బనికివచ్చు సామాన్య నిర్ధారకము పదునేడవ శతాబ్దమున రెండు దూరదేశములలో, ఒకరి సంగతి యొకరికి దెలియకయే, వెలువడినది. జపానులో సెకి తకకజు 1683లోను, జర్మనీలో లైబ్నిట్జు 1693లో వ్రాసిన యొక లేఖలోను దీనిని వివరించిరి. స్కాట్లండు పండితుడగు మక్లారిను గ్రంథము 1748లోను, జెనీవా పండితుడగు క్రామరు గ్రంథము 1750లోను వెలువడినవి. మన కళాశాలలలో బాలురు చదువునది క్రామరు పేరిటి సూత్రమే. నిర్ధారకమను పేరును నేటి యర్థమున స్థిరపఱచినవాడు ఫ్రాన్సు దేశపు కోషీ; అది 1812నాటి మాట. వాండర్మొండు, లాప్లాసు మొదలగువారి కృషిని విడిచి ముందునకు బోవుచున్నాను. వారు చేసినవి గొప్పవే కాని మన కథకు దారి వేఱు.

ఈ నిర్ధారకము సున్నయైనచో నేమగును? మిర్యాలగూడలో బియ్యపు మిల్లుల చిట్టాలు చూచినవారి కీ సంగతి చెప్పనక్కఱలేదు. ఒక వర్తకుడు ఒకనాడు రెండు బస్తాల దొడ్డుబియ్యమును ఒక బస్తా సన్నబియ్యమును అమ్మెను. మఱునాడు నాలుగు బస్తాల దొడ్డుబియ్యమును రెండు బస్తాల సన్నబియ్యమును అమ్మెను. రెండవనాటి వసూలు మొదటినాటి దానికి రెట్టింపుగా నున్నచో, ఆ రెండవ పద్దు మనకు గ్రొత్తగా జెప్పిన దేమియు లేదు. బస్తా వెల తెలియదు. రెట్టింపు కానిచో వెల మాఱినదైన గావలెను, గుమాస్తా లెక్క తప్పైన గావలెను. ఇక్కడ నిర్ధారకము రెండును రెండుచే గుణించిన నాలుగు, అందుండి ఒకటిని నాలుగుచే గుణించిన నాలుగు పోగా సున్న. చూచుటకు రెండు సమీకరణములే యైనను నిజమున కున్నది యొక్కటే. భాగింప సున్నయే మిగిలినది. సున్నచే భాగించుట కుదరదు గదా. శతాబ్దములపాటు గణితవేత్త లిచ్చట బుస్తకము మూసివేసిరి.

మూసిన యా పుస్తకమును దెఱచినవారిలో నొక తెలుగువాడు గలడు. కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1920వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన, అప్పటి మదరాసు రాజధానిలోని బళ్లారి మండలమునకు జేరిన హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. ఎనిమిదవ సంతానమగుటచే కృష్ణుని పేరు పెట్టిరి. తండ్రి పోలీసు శాఖలో నుద్యోగి; బదిలీల వెంట పిల్లవాని చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో సాగినది. నందిగామ యనగా మన కోదాడ నుండి బెజవాడ పోవు బాటలోనిదే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమును, తరువాత కలకత్తాలో సంఖ్యాశాస్త్రమును చదివి, వారు భారత సంఖ్యాశాస్త్ర సంస్థలో బెక్కేండ్లు పనిచేసిరి. 1954లో జపాను నుండి వారియొద్దకు కొన్ని లెక్కలు వచ్చినవి. హిరోషిమా, నాగసాకి నగరముల మీద బడిన యణుబాంబుల కిరణము మనుష్యులపై జూపు దీర్ఘకాల ఫలితములను గుఱించిన లెక్కలవి. వాని నుండి ఫలమును దీయబోగా సమీకరణముల నిర్ధారకము సున్నయైనది. మనుష్యుల యాయువులతో గూడిన లెక్కను సాధ్యము కాదని త్రోసివేయుట కెవ్వరికి మనసొప్పును? విలోమము లేని చోట విలోమము చేయు పనిలో గొంత చేయగల వేఱొక మాత్రికను రావుగారు కల్పించి 1955లో బ్రకటించిరి. ఆ యేడే ఇంగ్లండులో పెన్రోజు ఇట్టిదానినే వేఱు త్రోవను జూపెను. అమెరికాలో మూరు 1920లోనే యీ భావమును సూచించి యుండెను. రావుగారును మిత్రాగారును కలిసి 1971లో దీనిపై నొక సమగ్ర గ్రంథమును వెలువరించిరి. మిర్యాలగూడ వర్తకుని పద్దులకు దీనిని బ్రయోగించినచో బస్తా వెల తెలియదు. కాని యా పద్దుల నుండి నిజముగా దెలియదగిన దెంత, తెలియరానిదెంత యనుట తేటపడును. తెలియనిదాని యెల్లను గీయుటయు నొక తెలివియే.

రావుగారు తమ గ్రంథము నొకదానిని దల్లిగారగు లక్ష్మీకాంతమ్మగారికి అంకితము చేయుచు, ఆమె ప్రతిదినమును తెల్లవాఱుజామున నాలుగు గంటలకు తమ్ము లేపి, నూనె దీపము వెలిగించి చదువునకు గూర్చుండబెట్టుచుండెడిదని స్మరించిరి. వారు 2023వ సంవత్సరము ఆగస్టులో నూట రెండేండ్లు దాటిన వయసున గతించిరి. ఆ యేడే సంఖ్యాశాస్త్రమునం దంతర్జాతీయ బహుమానము వారికి లభించెను. సూర్యాపేటలోను కోదాడలోను నేటి తల్లులును దెల్లవాఱుజామున పిల్లలను లేపుచునే యున్నారు. కాని లేపిన పిల్ల ఆడుపిల్లయైనచో గణితమున కేల, మఱేదైన జదువరాదా యని యడుగు నిండ్లు నా యెఱుకలోనే పెక్కులు గలవు.

ఈ బాటనే మఱియొక చరిత్రము గలదు గాన నొక మాట. సూర్యాపేటకును కోదాడకును నడుమ మునగాల యున్నది. చుట్టును నిజాము రాజ్యమైనను మునగాల పరగణా మాత్రము మదరాసు రాజధానిలోని కృష్ణా మండలమునకు జేరి యుండెను. ఆ సంస్థానాధీశుడు నాయని వెంకట రంగారావుగారు. వారి దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. విజ్ఞానచంద్రికా మండలి 1906లో హైదరాబాదున స్థాపింపబడినప్పుడు వీరిద్దఱును దానికి మూలస్తంభములు. దేశచరిత్రము, జీవచరిత్రములు, ప్రకృతిశాస్త్రములు తెలుగున నింటింటికి బోవలెనని వారి సంకల్పము. నాడు సూర్యాపేట బాలునకు రాజభాషయగు ఉర్దూ లేక పైచదువు లేదు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధ ఉర్దూలోనే. కొన్ని కోసుల దూరమునున్న మునగాలలో ఇంగ్లీషు లేక పైచదువు లేదు. రెండు చోట్లను దెలుగు బిడ్డడు తన యింటి మాటలో శాస్త్రమును జదువజాలకపోయెను. మాత్రికలు, నిర్ధారకములు అను మాటలు పాఠ్యపుస్తకములలో స్థిరపడినది 1968లో తెలుగు అకాడమి యేర్పడిన తరువాతనే.

మాత్రిక యను మాటను గుఱించి సంస్కృతము చదివినవాడను గనుక కొంచెము చెప్పుదును. ఇంగ్లీషున దీనికి మేట్రిక్సు అని పేరు. 1850లో సిల్వెస్టరు పెట్టినది. లాటినున ఆ పదమునకు గర్భమని యర్థము. అంకెల పట్టిక గర్భమువంటిది. దాని నుండి పెక్కు నిర్ధారకములు పుట్టును గనుక ఆ పేరు. లాటిను మాటయు మన మాతృ శబ్దమును ఒక వంశమునవే. కావున మాతృక యనుటే యర్థమునకు దగ్గఱ. మాత్రిక యనగా మాత్రా శబ్దము స్ఫురించును. పిల్లలు తఱచు మాతృక యని వ్రాసి గురువులచే నెఱ్ఱసిరా గీతలు తినుచుందురు. పాపము, వారి తప్పులో బాండిత్యము గలదు. అయినను వాడుకలో బడినదానిని మార్చుట కూడదు గనుక నేనును మాత్రిక యనియే వ్రాయుచున్నాను.

ఈ సిల్వెస్టరు యూదుడు. 1837లో కేంబ్రిడ్జి గణితపరీక్షలో రెండవవాడుగా నుత్తీర్ణుడైనను, ఆంగ్ల మతసంఘపు నియమములకు సమ్మతి వ్రాలు చేయనందున వానికి బట్టము నిరాకరింపబడెను. ఆ పట్టము 1872లో గాని రాలేదు, ముప్పదియైదేండ్లు. తన కన్యాయము జరిగినవా డితరుల కదే చేయుట లోకమున సామాన్యము. సిల్వెస్టరు అట్లు చేయలేదు. ఆయన అమెరికాలో జాన్సు హాప్కిన్సు విశ్వవిద్యాలయమున నాచార్యుడుగా నుండగా, స్త్రీలను జేర్చుకొనని యా విద్యాలయమున క్రిస్టీన్ లాడ్ అను యువతిని 1878లో బట్టుబట్టి చేర్పించెను. ఆమె 1882 నాటికి బట్టమునకు వలసినదంతయు ముగించెను. విద్యాలయమువా రా పట్టమును 1926లో ఇచ్చిరి! మనదేశమునే నిందించుకొను మన సంస్కర్తలు గూడ నీ తేదీలను జూడవలెను.

సిల్వెస్టరు మిత్రుడు కేలీ న్యాయవాదవృత్తి చేయుచునే గణితము వ్రాసినవాడు. 1858లో నతడు మాత్రికలను సంఖ్యలవలె గూడవచ్చు, గుణింపవచ్చు, వర్గము చేయవచ్చునని చూపెను. అప్పుడొక యాశ్చర్యము బయల్పడినది. మన పండ్ల లెక్కనే తీసికొందము. మొదటి వరుస 9, 7. రెండవ వరుస 7, 9. ఈ మాత్రికను దనచే దాను గుణించిన, మొదటి వరుస 130, 126; రెండవ వరుస 126, 130 అగును. మూలలనున్న 9, 9ల మొత్తము 18, నిర్ధారకము 32. మాత్రికను 18చే గుణించిన 162, 126; 126, 162 అగును. వర్గము నుండి దీనిని దీసివేయగా మూలలయందు ఋణ 32లును, తక్కిన చోట్ల సున్నలును మిగులును. దానికి 32ను జేర్చిన సమస్తమును సున్న. అనగా, మాత్రిక తన లక్షణసమీకరణమును దానే తీర్చుకొన్నది. పండ్లు కొనువా డెవ్వడును ఊహింపని సంబంధమిది. ఎంత పెద్ద మాత్రికకైన నిట్లే యగును. కేలీ చిన్న మాత్రికలకు సరిచూచి, సర్వసామాన్యమైన నిరూపణకు శ్రమపడనక్కఱ లేదని విడిచెను. ఫ్రొబీనియసు 1878లో నా కొఱతను దీర్చెను. దీనినే కేలీ-హామిల్టను సిద్ధాంతమని చదువుదుము. మాత్రికను బెట్టి వ్రాసిన బహుపదికి విలువ గట్టుట యిక్కడ మొదలు.

అదే సమీకరణమున మాత్రికకు బదులు సంఖ్యను బెట్టి సాధించినచో 16, 2 అను రెండు మూలములు వచ్చును. వీనిని లాక్షణిక మూలములందురు. 16ను 2చే గుణించిన 32, మన నిర్ధారకమే! ఈ 16, 2 లెక్కడివని యడుగుదురేమో. గణితము చదువని గృహిణి యీ లెక్కను దన తెలివిచే నెట్లు సాధించునో చూడుడు. రెండు కొనుగోళ్లను గలిపిన 16 మాదీఫలములు, 16 వెలగపండ్లు, 208 నాణెములు. కావున ఒక్కొక్కటి చొప్పున జతకు 13. ఒకదాని నుండి యొకటి తీసివేసిన, రెండు మాదీఫలములకును రెండు వెలగపండ్లకును భేదము 6 నాణెములు. ఒక్క జతకు భేదము 3. పదమూడు మొత్తము, మూడు భేదము. కావున 8, 5. ఆమె వాడిన 16, 2 అను సంఖ్యలే లాక్షణిక మూలములు. కళాశాలలలో నిర్ధారకములను గీతలు గీసి గుణించుట నేర్పుదుము. ఆ గీతలలో నీ గృహిణి తెలివి దాగియున్నదని చెప్పుటకు దీరిక లేదు. ప్రశ్నపత్రమున నది రాదు గనుక!

కంపించు వస్తువుల విషయమున మాత్రికా బహుపదులు ప్రాణముల మీదికి వచ్చినవి. విమానపు రెక్క గాలిలో వడకును. ఆ వడకునకు మూడు మాత్రికలు కావలెను: రెక్క భాగముల ద్రవ్యరాశి యొకటి, కంపము నణచు బలము లొకటి, రెక్క బిగువు మూడవది. తెలియని సంఖ్య వర్గముతో మొదటిదానిని, ఆ సంఖ్యతో రెండవదానిని గుణించి, మూడవదానితో గలిపిన నొక మాత్రికా బహుపది యగును. దాని నిర్ధారకమును సున్న చేయు సంఖ్యలే రెక్క స్వభావమును దెలుపును. వాని వాస్తవభాగములు ఋణములైనంతకాలము వడకు చల్లారును. విమాన వేగము హెచ్చినకొలది యవి కదలుచు బోయి, ఒకటి ధనమైనచో వడకు పెరిగి పెరిగి రెక్క విఱుగును. ఇంగ్లండులో ఫ్రేజరు, డంకను, కాలరు అను మువ్వురు 1938లో నీ మాత్రికలపై బుస్తకము వ్రాసిరి. రెండవ మహాసంగ్రామ కాలమున ఫ్రేజరు పక్షమున జేరి యీ లెక్కలు చేసినవారిలో ఓల్గా టౌస్కీ యనునామె యొకతె. ఆమె 1906లో అప్పటి ఆస్ట్రియా-హంగరీలో జన్మించిన గణితవేత్త. చేయంత్రములపై నంకెలు వేయు పని యుద్ధసేవకై వచ్చిన యువతులది. ప్రతి నిర్ధారకమును బూర్తిగా విప్పిన దినములు గడచును. టౌస్కీ 1931నాటి గెర్ష్‌గోరిను సిద్ధాంతమును వెలికి దీసి, మూలము లే వలయములలో నుండునో చూపుతోనే పసిగట్టు నుపాయము గఱపెను. మన పండ్ల మాత్రికకు దానిని బెట్టి చూడుడు: 9 నుండి 7 దూరములో, అనగా 2కును 16కును నడుమ, మూలములుండవలెను. ఉన్నవి సరిగా నా యంచులలోనే.

ఇంతవఱకు లెక్కింపదగిన వరుసల మాట. తీగెను, డప్పును దీసికొన్నచో వరుసలకు అంతములేదు. తీగెమీది ప్రతి బిందువును కదలును. బిందువులు లెక్కకు మిక్కిలి. ఒక ఆకారమును గైకొని మఱియొక ఆకారము నిచ్చు గణితక్రియను ఆపరేటరు అందురు. క్రియాకారి యనిన మనకు దెలియును. ఇది యనంతమైన వరుసలు గల మాత్రికవంటిది. దీనికి నిర్ధారకము గలదా? అమెరికా ఖగోళ గణితవేత్త హిల్లు 1877లో జంద్రుని గతిని లెక్కించుచు అనంత వరుసల నిర్ధారకమును సాహసించి వాడెను. ఫలితము సరిపోయినది గాని న్యాయము తెలియలేదు. 1886లో పొయంకారే దానికి సమర్థనము చేసెను. స్వీడను దేశమున ఫ్రెడ్‌హోల్ము 1903లో బూర్తి సిద్ధాంతమును బ్రకటించెను. అతని యుపాయము గృహస్థునికైన బోధపడును: తీగెపై బది బిందువులు గుర్తించి పది సమీకరణములు వ్రాయుము, నూఱు గుర్తించి నూఱు వ్రాయుము, ఇట్లు పెంచుకొని పోవగా నిర్ధారకము ఒక స్థిరమైన విలువకు జేరునా యని చూడుము. కొన్ని జాతుల క్రియాకారులకు జేరును. ఈ వార్తను 1900-01 శీతకాలమున హోల్మ్‌గ్రెను అను యువకుడు గ్యోటింగెను నగరమున హిల్బర్టు సభలో వినిపించెను. హిల్బర్టు 1904 మొదలు 1910 వఱకు దీనినే విస్తరించెను. క్రియాకారి సిద్ధాంతమునకు నాందియదియే.

కాని తీగెకు స్వయముగా నిర్ధారకము గట్టబోయినచో ఫ్రెడ్‌హోల్ము మార్గము చాలదు. తగిన పొడవుగల తీగెను రెండు కొనల బిగించినచో దాని లాక్షణిక మూలములు 1, 4, 9, 16 ఇట్లు వర్గసంఖ్యలుగా బోవును. వీనినన్నిటిని గుణించుటెట్లు? లబ్ధమునకు హద్దు లేదు. ఇక్కడ మన వాల్తేరు కథలోనికి వచ్చును.

సుబ్బరామయ్య మీనాక్షిసుందరముగారు 1913లో దిరుచ్చూరున జన్మించి, మదరాసులో జదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితోపాధ్యాయులైరి. 1946 మొదలు 1948 వఱకు అమెరికాలో ప్రిన్‌స్టను నగరపు ఉన్నతవిద్యా సంస్థలో నుండిరి. స్వీడను గణితవేత్త ప్లెయిజెలును వారును గలిసి వ్రాసిన వ్యాసము 1949లో గెనడా దేశపు గణితపత్రిక మొదటి సంపుటమున వెలువడెను. వ్యాసపు సారమిది. లాక్షణిక మూలములను గుణింపక, ఒక్కొక్క మూలమును ఏదో యొక ఘాతమునకు హెచ్చించి, దానిచే ఒకటిని భాగించి, వచ్చినవానినన్నిటిని గూడవలెను. ఘాతము పెద్దదైనచో నా మొత్తము అంతముగలదియే యగును. వంపు దేఱిన యే తలమునకైనను ఈ మొత్తమును చిన్న ఘాతములకును, సున్న ఘాతమునకును న్యాయముగా విస్తరింపవచ్చునని వారు నిరూపించిరి. అది యెక్కడ విఱుగునో, విఱిగిన చోట ఆ వస్తువు వైశాల్యమును వంపును ఎట్లు బయల్పడునో గూడ జూపిరి. సున్నవద్ద మాత్ర మది విఱుగదు.

సున్నవద్ద నేమున్నదందురా? మన 16, 2 లకు దీనిని బెట్టి చూడుడు. ఆ మొత్తము సున్నవద్ద ఎంత వేగముగా దగ్గుచున్నదో లెక్కించిన, 16 యొక్క లాగరిథమును 2 యొక్క లాగరిథమును గలిపినంత వచ్చును. అనగా 32 యొక్క లాగరిథము. గుణకారము చేయకయే నిర్ధారకము చేతికి వచ్చినది! రెండు మూలములున్నప్పు డిది వట్టి చమత్కారము. అనంత మూలములున్నప్పు డిదియొక్కటే దారి. తీగె మూలములగు 1, 4, 9, 16 మొదలగువానికి దీనిని బ్రయోగించినచో, వృత్తగణితములోని పై విలువకు రెట్టింపు, అనగా సుమారు 6.28 వచ్చును. అంతులేని లబ్ధమునకు 6.28 ఎట్లు సమానమని వాదించుటకు బూనుకొనకుడు, సమానము కాదు. లబ్ధమునకు విలువ లేని చోట, విలువయున్న చోట్ల దప్పకుండ సరిపోవు నర్థమును విస్తరించి యిచ్చుట యిది. మహావీరుని సూత్రమును రెండు పండ్ల నుండి నూఱు పండ్లకు విస్తరించినవారు చేసినదియు నిట్టిదే.

డప్పును జూడక దాని మ్రోతను మాత్రము విని యాకారము చెప్పవచ్చునా యని కాట్జు అను గణితవేత్త 1966లో అడిగెను. వైశాల్యమును జెప్పవచ్చును, అంచు పొడవును జెప్పవచ్చును. ఇట్టి జవాబులకు వాల్తేరు వ్యాసపు మొత్తముల వంటివే యాధారము. పూర్తి యాకారమును జెప్పజాలమని 1992లో మువ్వురు నిరూపించిరి: ఒకే విధముగా మ్రోగు రెండు వేఱు డప్పులను గీసి చూపిరి. మన పల్లెలలో డప్పును మంటకు గాచి శ్రుతి చూచుకొను కళాకారుని చెవికి దెలిసిన దెంతయో, తెలియరానిదెంతయో ఆ గీతలు చెప్పును. ఆ కళాకారుని మన మరుగుమీది కెక్కనీయని దినములలోనే వాల్తేరు గణితోపాధ్యాయు డీ గణితమును వెలయించెను.

మీనాక్షిసుందరముగారు 1968లో గతించిరి. 1971లో రే, సింగరు అను నిద్దఱు వారి పద్ధతినే గైకొని క్రియాకారుల నిర్ధారకమును నిర్వచించి, తలముల యాకారములను బరీక్షించుటకు వాడిరి. 1977లో హాకింగు వంపు దేఱిన దేశకాలమునందలి భౌతిక గణనములకు దానిని బ్రయోగించెను. నేడు భౌతికశాస్త్ర గ్రంథములలో తఱచుగా గనబడు నా నిర్ధారకమునకు ఆధారమగు మొత్తమునకు మీనాక్షిసుందరము-ప్లెయిజెలుల పేర్లు పెట్టబడినవి. తెలుగున నా వ్యాసమును వివరించు పుస్తక మెవ్వరైన వ్రాసినచో, కోదాడ నుండియు సూర్యాపేట నుండియు నిర్ధారకములు వల్లించి పట్టణములకు బోవు మన పిల్లలలో గొందఱైనను దానిని దెఱచి చదువుదురు.